డబ్ల్యూడబ్ల్యూఈ అంతా ఉత్తదేనా?

ప్రశ్న: అన్నా, మా దోస్తుల వాట్సాప్ గ్రూపుల రోజూ గిదే లొల్లి. డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా కంపెనీ టీవీల సూపెట్టే రెజ్లింగ్ అంతా ఫేక్ అని ఎక్కిరిస్తున్నరు, ఏం జెప్పాలె? – ఓ ఫ్యాన్, హన్మకొండ

జవాబు: ఎవలు గెలవాల్నో ముందే రాసుకుంటరు తమ్మీ, అండ్ల దాచెడిదేం లేదు, 1989లనే న్యూజెర్సీ సెనేట్ ముంగట కంపెనోళ్లే ఇది వినోదమని ఒప్పుకున్నరు. కానీ కింద పడుడు నిజమే గదా, 1998ల అండర్‌టేకర్ అనే రెజ్లర్ రింగు సుట్టూ ఉన్న ఇనుప కేజ్ మీదికెల్లి తోసేస్తే ఇంకో రెజ్లర్ మిక్ ఫోలీ దగ్గర దగ్గర 16 అడుగుల కిందున్న కామెంట్రీ టేబుల్ మీద పడ్డడు, భుజం జారింది, స్ట్రెచర్ మీద తీస్కపోతుంటే లేశొచ్చి మళ్ల పైకెక్కిండు, గా దెబ్బను స్క్రిప్ట్ ఆపుతదా? 1999ల ఓవెన్ హార్ట్ అనే రెజ్లర్‌కైతే పైనుంచి దిగే స్టంట్‌లనే పాణం పోయింది. సీన్మా ఫైట్లకు విజిళ్లేశెటోళ్లే దీన్ని ఎక్కిరిస్తరు సూడు, నాకు గదే నవ్వొస్తది. కథలు బోరు కొడ్తున్నయి అంటే మాత్రం కొట్లాడకు, నాక్కూడ కొడ్తున్నయి.