కూలెంట్ పనికి యాప్‌లో అప్పు తీసుకోవాలా?

ప్రశ్న: నా కారుకు 15 ఏళ్లు. నాలుగేళ్లుగా కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మార్చలేదు, తగ్గినప్పుడల్లా కుళాయి నీళ్లే పోస్తున్నాను. ఈమధ్య టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. రేడియేటర్, వాటర్ పంప్, హోస్‌లు అన్నీ మార్చాలని మెకానిక్ అంటున్నారు. రెండు నెలల జీతమంత ఖర్చు. నా పొదుపు అర నెల జీతమే. లోన్ యాప్ వెంటనే ఇస్తానంటోంది. తీసుకోనా?

జవాబు: వద్దు. 15 ఏళ్ల బండి కోసం యాప్ లోన్ తీసుకుంటే, వాయిదాలు తీరకముందే అది మళ్లీ షెడ్డుకెక్కుతుంది, మీరు రెండో లోన్ తీసుకుంటారు.

ముందే తెలిసిన ఖర్చును ఆపదగా లెక్కేయడం చాలామంది చేసే పొరపాటే. పాతరకం ఆకుపచ్చ కూలెంట్‌కు దాదాపు రెండేళ్లు, ఓఏటీ (ఆర్గానిక్ యాసిడ్‌తో చేసిన) రకానికి ఐదేళ్ల వరకు ఆయుష్షు. ఆ గడువు దాటాక తుప్పును ఆపే రసాయనాలు అయిపోతాయి. మీరు పోసిన కుళాయి నీళ్లు వాటిని ఇంకా పలచన చేశాయి, లోపల కాల్షియం పెచ్చు కట్టించాయి.

అన్నీ మార్చేముందు ప్రెషర్ టెస్ట్ (ఒత్తిడి పెట్టి లీకులు వెతికే పరీక్ష) చేయించండి. ఆయిల్ మూత కింద తెల్లటి నురగ, రేడియేటర్‌లో ఆగని బుడగలు కనిపిస్తే హెడ్ గాస్కెట్‌ను (ఇంజిన్ బ్లాక్‌కూ పైనుండే హెడ్‌కూ మధ్య సీలు) అనుమానించాలి. అది నిజమని తేలితే ఈ బండి మీద ఇంకేమీ పెట్టకండి, ఉన్నదున్నట్టు అమ్మేయండి. అవి లేకపోతే మొదట చూడాల్సినవి చవకైన రెండు భాగాలు: రేడియేటర్ మూత, థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచే వాల్వ్). మూత 15 పీఎస్‌ఐ ఒత్తిడి నిలిపితే సగం కూలెంట్, సగం నీళ్లున్న మిశ్రమం సుమారు 129 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. మూత వదులైతే మామూలు నీళ్లు 100 దగ్గరే మరుగుతాయి.

కూలెంట్‌ను రంగు చూసి కొనకండి, రంగుకు ప్రమాణమేమీ లేదు. మాన్యువల్‌లోని స్పెసిఫికేషన్‌తో సరిపోల్చండి. రెండు రకాలు కలపొద్దు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక కింది హోస్ విప్పి పాతది వదలండి. హీటర్‌ను పూర్తి వేడిలో పెట్టి, నీళ్లు తేటగా వచ్చేదాకా డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. ఎక్కువమంది తప్పు చేసేది ఆ తర్వాతే. కడిగిన నీళ్లు కొన్ని ఇంజిన్ బ్లాక్‌లో ఉండిపోతాయి, వాటిమీద రెడీమిక్స్ (ముందే నీళ్లు కలిపి అమ్మే కూలెంట్) పోస్తే మిశ్రమం పలచనవుతుంది. సిస్టమ్ మొత్తం 6 లీటర్లయితే నీళ్లు కలపని చిక్కటి కూలెంట్ 3 లీటర్లు ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ నడిపి లోపల చిక్కిన గాలి తీసేయండి, చల్లారాక మట్టం సరిచేయండి. లీకులు పూడ్చే స్టాప్‌లీక్ పొడి పోయొద్దు, హీటర్ కోర్ (కారు లోపలికి వేడినిచ్చే చిన్న రేడియేటర్) పూడుకుపోవచ్చు. వదిలిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలకు, పిల్లులకు అందకుండా డబ్బాలో పట్టండి.

ఈ పనికి మీ పొదుపులో కొంత తీయండి, కానీ వచ్చే జీతం రాగానే ఆ సొమ్ము తిరిగి పెట్టండి. అర నెల జీతమంత పొదుపుతోనే ఇల్లు నడుపుతున్నారు. రేపు ఉద్యోగం పోయినా, ఎవరైనా ఆసుపత్రిలో చేరినా మళ్లీ అదే యాప్ తెరుస్తారు. ముందు ఒక నెల ఖర్చు, తర్వాత ఆరు నెలల ఖర్చు పక్కన చేరాలి. అప్పటిదాకా కొత్త కారు ఊసే వద్దు. కారుకు వేరే ఖాతా పెట్టండి. మెకానిక్ చెప్పిన మొత్తాన్ని 24 నెలలకు పంచితే నెలకు జీతంలో 8 శాతం పైచిలుకు. ఆపద కోసం దాచేదాన్ని, కారు ఖాతాను కలపొద్దు. మోటారు బీమా సాధారణంగా అరుగుదలకు చెల్లించదు, కాబట్టి దానిపై ఆశ పెట్టుకోకండి.

వారంపాటు రోజూ ఉదయం చల్లటి ఇంజిన్ మీద మట్టం చూడండి. నిలకడగా ఉంటే పంప్ మార్చే పని వాయిదా వేయండి. తగ్గుతుంటే లీకు ఎక్కడో తేలేవరకు కారు తీయకండి. దారిలో ముల్లు ఎర్రగీత దగ్గరకు వస్తే వెంటనే ఆపేయండి. అల్యూమినియం హెడ్ వంగిందంటే బిల్లు రెండు నెలల జీతంతో ఆగదు.