పార్టీలో హీలర్ తప్పనిసరా? మా టేబుల్ దగ్గర జరిగింది చెబుతాను

మీ ప్రశ్న ఇది: డంజన్స్ అండ్ డ్రాగన్స్ (టేబుల్ చుట్టూ కూర్చుని, పాచికలు వేస్తూ కథలో పాత్రల్లా ఆడే ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్. పార్టీలో, అంటే కలిసి ఆడే పాత్రల జట్టులో, ఫైటర్, రోగ్, విజార్డ్, రేంజర్ ఉన్నారు. గాయాలు మాన్పే పాత్ర (హీలర్) అయిన క్లెరిక్ ఆడతామని ఎవరూ అనడం లేదు. ఎవరో ఒకరిని ఒప్పించాలా? నా జవాబు: ఒప్పించకండి.

మా మొదటి క్యాంపెయిన్‌లో మేం ఒప్పించాం. కూకట్‌పల్లిలో ఒక ఫ్రెండ్ ఫ్లాట్‌లో శనివారం రాత్రుళ్ళు ఆడేవాళ్ళం. ఒకమ్మాయి ఆఖర్న చేరింది. అప్పటికే మిగతావాళ్ళం ఎవరికి నచ్చిన క్లాసు వాళ్ళం తీసేసుకున్నాం. "హీలర్ లేరు, నువ్వు క్లెరిక్ తీసుకో" అన్నాం, తీసుకుంది. నాలుగో సెషన్ అయ్యాక చెప్పింది: "నా టర్న్ రాగానే అందరూ మీమీ హెచ్‌పీ చెప్తారు. నేనేం చేద్దామనుకుంటున్నానో ఒక్కరూ అడగరు." (హెచ్‌పీ అంటే పాత్రకి మిగిలిన ప్రాణం పాయింట్లు.) ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే. వారమంతా ఆఫీసులో నలిగి, ఆ నాలుగు గంటల కోసం వచ్చే మనిషి ఆమె.

పైగా లెక్క చూస్తే మేం అడిగినదాంట్లో అర్థమే లేదు. మూడో లెవెల్ క్లెరిక్ క్యూర్ వూండ్స్ అనే మంత్రం వేస్తే తిరిగొచ్చేది ఒక డీ8 (ఎనిమిది ముఖాల పాచిక), దానిమీద ఓ మూడు. అంటే సగటున ఏడో ఎనిమిదో. ఓగర్ అనే రాక్షసుడి ఒక్క దెబ్బ సగటున 13. మాన్పేదానికంటే తగిలేదే ఎక్కువ. అదే యాక్షన్‌తో ఆ ఓగర్‌ని కొడితే, ఫైట్ ఒక రౌండ్ ముందే అయిపోవచ్చు. నా దృష్టిలో అది కూడా హీలింగే.

తర్వాత ఆమె బార్డ్‌కి (పాటగాడి క్లాసు) మారింది. మాన్పే మంత్రాల్లో హీలింగ్ వర్డ్ ఒక్కటి ఉంచుకుంది. అది బోనస్ యాక్షన్ (టర్న్‌లో మామూలు యాక్షన్‌తో పాటు చేసే చిన్న పని), 60 అడుగుల దూరం నుంచి వేయొచ్చు. సున్నాకి పడిపోయినవాళ్ళకి రెండు పాయింట్లు వచ్చినా లేచి తమ టర్న్ ఆడతారు. అలా ఆడిన ఏడాదిలో మాలో ఒక్కరూ చావలేదు.

రెండో క్యాంపెయిన్‌లో మాత్రం హీలింగ్ అసలేమీ పెట్టుకోలేదు. రెండో లెవెల్, గాబ్లిన్లతో ఫైట్. రోగ్ పడిపోయాడు. పడిపోయినవాళ్ళు బతుకుతారో లేదో తేల్చే పాచిక, అంటే డెత్ సేవ్, మొదటిది పోయింది. అంతలో ఒక బాణం తగిలి రెండో ఫెయిల్యూర్ కూడా పడింది. ఇంకొక్కటి పడితే క్యారెక్టర్ పోయినట్టే. ఎవరి దగ్గరా మాన్పే పోషన్ (మందు సీసా) లేదు. ఫైటర్ తన ఎదుటివాణ్ణి వదిలేసి, వెనకనుంచి దెబ్బ తిని మరీ పరుగెత్తి మెడిసిన్ చెక్ (చికిత్స ఫలిస్తుందో లేదో చూసే పాచిక) చేశాడు. పది కావాలి, 12 వచ్చింది. టేబుల్ దగ్గర అందరం ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నాం. రోగ్ బతికాడు, కానీ స్పృహ రాలేదు. అతన్ని మోసుకుని పారిపోయాం. అంత టెన్షన్ మీకు అక్కర్లేదు.

అందుకే మీ పార్టీకి ఇలా చేయమంటాను. రేంజర్‌కి రెండో లెవెల్లో స్పెల్స్ (మంత్రాలు) వస్తాయి. గుడ్‌బెర్రీ తీసుకోమనండి: ఒక స్లాట్‌కి (ఒకసారి మంత్రం వేసే అవకాశానికి) పది పళ్ళు, ఒక్కోదానికి ఒక హెచ్‌పీ. ఫైట్ అయ్యాక బాగా పనికొస్తుంది. పడిపోయినవాళ్ళ నోట్లో పెట్టవచ్చా అని డీఎంని (ఆట నడిపే మనిషిని) ముందే అడగండి, మా డీఎం ఒప్పుకున్నారు. రోగ్ మూడో లెవెల్లో థీఫ్ (రోగ్‌లో ఒక రకం) అయితే, పడిపోయినవాళ్ళని చావకుండా ఆపే హీలర్స్ కిట్‌ని బోనస్ యాక్షన్‌గా వాడవచ్చు. కిట్ ఖరీదు 5 గోల్డే, పదిసార్లు వస్తుంది. పోషన్ 50 గోల్డ్. మొదట చేతికొచ్చే డబ్బుతో ఆయుధాల కంటే ముందు మనిషికొక పోషన్ కొనండి.

ఇంకొకటి, డీఎంతో షార్ట్ రెస్ట్‌ల గురించి మాట్లాడండి. గంట కూర్చుంటే హిట్ డైస్ వేసుకుని ఎవరి హెచ్‌పీ వాళ్ళే తెచ్చుకుంటారు. ఆ గంట దొరకనివ్వని కథ అయితే హీలర్ లేని పార్టీకి నిజంగా కష్టం. అది మొదటి సెషన్‌కి ముందే చెప్పాలి.

ఒకవేళ మీలో ఎవరైనా తమంతట తాము "నేను క్లెరిక్ ఆడతాను" అంటే సంతోషంగా ఆడనివ్వండి. కాకపోతే ఆ మనిషి టర్న్‌లో మీ హెచ్‌పీ చెప్పకండి. అవసరమైతే వాళ్ళే అడుగుతారు.