ఏడో తరగతి పిల్లాడు, సెలవుల్లో తెలుగు పుస్తకం

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లీషు మీడియంలో ఏడో తరగతికి వెళ్తున్నాడు. వేసవిలో తెలుగు పుస్తకాలు కొనిచ్చాం. రెండు పేజీలు చదివి పక్కన పెట్టేస్తున్నాడు. ఏం చేయాలి?

జవాబు: తప్పు పిల్లాడిది కాదు, పుస్తకం ఎంపికది. ఏదైనా ఒక పేజీ తీసి పైకి చదివించండి. తెలియని మాటలు అయిదు దాటితే ఆ పుస్తకం ఇప్పటికి వద్దు, దాచి ఉంచండి. చాలామంది ఆగిపోయేది అర్థం తెలియకే కాదు, ఒత్తుల దగ్గర కూడా. 'దృష్టి', 'స్వాతంత్ర్యం' లాంటి మాటల్ని కూడబలుక్కునేసరికి వాక్యం మొదలు మరిచిపోతారు. అందుకే మొదటి వారం మీరొక పేరా, వాడొక పేరా పైకి చదవండి. తడబడితే మాట అందించి ముందుకు సాగండి, మళ్లీ మళ్లీ చదివించొద్దు.

రోజుకు 20 నిమిషాలు చాలు, ఎండ ముదరకముందే. మొదట రెండు మూడు పేజీల్లో ముగిసే కథలు. నవల మూడో వారం తర్వాతే.

అన్నీ కొనక్కర్లేదు. శాఖా గ్రంథాలయంలో డిపాజిట్ కట్టి సభ్యత్వం తీసుకుంటే పుస్తకాలు ఇంటికిస్తారు. పుస్తకం వాణ్నే ఎంచుకోనివ్వండి. క్రికెట్ పుస్తకమైనా సరే. చదివాక సారాంశం రాయమని మాత్రం దయచేసి అడగకండి. అక్కడే చదువు హోంవర్కైపోతుంది.