బోర్లు పెంచితే నీటి ఖర్చు తగ్గుతుందా?

ప్రశ్న: మా పట్టణానికి రోజుకు 10,000 కిలోలీటర్ల నీరు కావాలి. బోరు నీటికి కిలోలీటరుకు 4 రూపాయలు, కృష్ణా నీటికి 10 రూపాయలు ఖర్చవుతోంది. బోర్లు రోజుకు 6,000 కిలోలీటర్ల దాకా ఇవ్వగలవు. అయితే బోరు నీటిలో లీటరుకు 2.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది, కృష్ణా నీటిలో 0.5 మాత్రమే. రెండూ ఒకే సంపులో కలిపి వదులుతారు. ఖర్చు తగ్గాలంటే మరో రెండు బోర్లు వేయాలంటున్నారు. సబబేనా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: సబబు కాదు. మీ అంకెలే ఆ మాట చెబుతున్నాయి.

ఫ్లోరైడ్ సంగతి పక్కన పెడితే 6,000 కిలోలీటర్లు బోర్ల నుంచి, మిగిలిన 4,000 కృష్ణా నుంచి తీసుకుని రోజుకు 64,000 రూపాయలతో గట్టెక్కవచ్చు. కానీ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే ఆధారం లేని చోట మాత్రమే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు, మీకేమో కృష్ణా ఉంది. బోరు నీరు ఈ హద్దుకు 1.5 పైన, కృష్ణా నీరు 0.5 కింద ఉన్నాయి కనుక ఒక వంతు బోరు నీటికి మూడు వంతుల కృష్ణా నీరు కలపక తప్పదు. అంటే బోర్ల నుంచి 2,500 కిలోలీటర్లు, కృష్ణా నుంచి 7,500. ఖర్చు 85,000 రూపాయలు. తేల్చాల్సినవి బోరు నీరెంత, కృష్ణా నీరెంత అనే రెండే చలరాశులు కాబట్టి దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, ఇంటర్ విద్యార్థి గ్రాఫు కాగితం చాలు.

ఇక్కడ ఖర్చును పట్టి ఉంచిన పరిమితి ఫ్లోరైడే తప్ప బోర్ల సామర్థ్యం కాదు. ఇప్పుడున్న బోర్లలోనే 3,500 కిలోలీటర్ల సామర్థ్యం వాడకుండా మిగిలిపోతుండగా, కొత్త బోరు వల్ల ఒక్క రూపాయీ ఆదా కాదు. పరిమితులకు లోబడి ఖర్చును కనిష్ఠం చేసే గణిత పద్ధతి అయిన లీనియర్ ప్రోగ్రామింగ్ భాషలో చెప్పాలంటే, బోర్ల సామర్థ్యమనే పరిమితికి ఛాయాధర (షాడో ప్రైస్, అంటే ఆ పరిమితిని ఒక కిలోలీటరు సడలిస్తే కలిగే ఆదా) సున్న. అదే గొట్టాల లీకేజీలో ఒక కిలోలీటరు ఆపగలిగితే ఆదా ఎనిమిదిన్నర రూపాయలు, ఎందుకంటే అందులో పావు వంతు బోరు నీరు, ముప్పావు వంతు కృష్ణా నీరు.

ఇక పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మీ జిల్లా పేరే ఉంది: నల్గొండ పద్ధతి. బోరు నీటిని 1 మిల్లీగ్రాముకు దించడానికి కిలోలీటరుకు నాలుగున్నర రూపాయల లోపే అయితే, శుద్ధి చేసిన ఆ నీరు కలిపిన నీటికంటే చవక. అప్పుడు బోర్లన్నీ పూర్తిగా వాడకంలోకి వస్తాయి. కొత్త బోరు మాట అప్పుడు ఎత్తితే అర్థముంటుంది.