జాలీ పెట్టాక నీళ్లు ఇంకా నిలుస్తున్నాయేం?

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచింది ప్లాస్టిక్ వల్లేనంటున్నారు, నిజమేనా? ఆ భయంతోనే మా వీధి కాలువ కల్వర్టులోకి దూరే చోట చెత్త ఆగడానికి ఇనుప జాలీ బిగించాం. తీరా చూస్తే చిన్న వానకే నీళ్లు ఇళ్ల ముందు నిలుస్తున్నాయి. ఎందుకని?
- ఒక పాఠకుడు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: ఆ వరదను ప్లాస్టిక్ మీదకి నెట్టేయకండి. ఎగువన కుండపోత కురిసింది, బుడమేరు నీటిని మళ్లించే డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి. అంత నీటికి కవర్లు ఒక లెక్క కాదు. అవి ముంచేది మామూలు వానల్లో. పెద్ద వరదొస్తే, వచ్చిన నీటిని త్వరగా పోనివ్వవు.

ఇక మీ జాలీ సంగతి. అడుగు వెడల్పు తూము మూతిని మూయడానికి కూరగాయల కవరు ఒక్కటి చాలు. వెనక నీటి ఒత్తిడికి అది చువ్వలకు అతుక్కుపోతుంది, దానిమీద ఆకులు, ఆపైన బురద. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే వెయ్యి చదరపు మీటర్ల వీధిలో చేరేది 50 వేల లీటర్లు. అవన్నీ ఎటు పోవాలి?

జాలీని తూము మూతికే నిలువుగా బిగించడం తప్పు. రెండడుగులు ముందుకు జరిపి, చువ్వల అడుగు కొస నీళ్లొచ్చే వైపు, పై కొస తూము వైపు వాలేలా ఏటవాలుగా పెట్టించండి. చెత్త పైకి జారుతుంది, కింద నీళ్లకు దారి ఉంటుంది. చువ్వల మధ్య రెండంగుళాల సందు చాలు. సన్నటి వల వేస్తే ఆకులకే పూడుకుపోతుంది. జాలీ విస్తీర్ణం తూము మూతికి కనీసం మూడింతలు, అంటే అడుగు వెడల్పున్న గుండ్రటి తూముకి దాదాపు రెండున్నర చదరపు అడుగులు ఉండాలి. పై అంచు కాలువ గోడకన్నా జానెడు కిందకి ఉంటే, చెత్త నిండినా నీళ్లు పైనుంచి దొర్లిపోతాయి. కాలువ కార్పొరేషన్‌ది కాబట్టి ముందు వార్డు సచివాలయంలో అర్జీ పెట్టండి.

చెత్త లాగకపోతే ఎంత మంచి జాలీ అయినా గోడే. వానాకాలంలో వారానికోసారి, వాన ముంచుకొస్తోందంటే ముందు రోజు, గట్టు మీద నిలబడి కొంకి గెడతో లాగాలి. తీసిన పూడిక గట్టునే పోస్తారు చూడండి, మర్నాటి వానకే మళ్లీ కాలువలోకి! అదే రోజు బండి ఎక్కించాలి. మ్యాన్‌హోల్‌లోకి మాత్రం ఎవరినీ దించొద్దు. లోపలి విషవాయువుకి మనిషి క్షణాల్లో పడిపోతాడు.