పొదుపు పెట్టె ముందు, దరఖాస్తు తర్వాత

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సంఘాలు, అప్పులు, గ్రాంట్ల గురించే. అన్నీ వేయడానికి చోటు లేదు. ఎక్కువమందికి పనికొచ్చేవి ఐదు తీసుకున్నాను. పేర్లు, ఊర్లు తీసేశాను.

ప్రశ్న: అక్కా, మేము పద్నాలుగు మంది ఆడవాళ్ళం ఆరు నెలల క్రితం ఒక సంఘం పెట్టుకున్నాం. గ్రాంటు వస్తే కుట్టు మిషన్లు కొనుక్కుందామని ఆశ. మూడు చోట్లకి దరఖాస్తు పంపాం, ఒక్క చోట నుంచీ జవాబు లేదు. ఇప్పుడు సగం మంది మీటింగుకే రావడం మానేశారు. మా దరఖాస్తులో ఏం తప్పు జరిగింది?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మిషన్ల గురించి ఉంది, గ్రాంటు గురించి ఉంది, రానివాళ్ళ గురించి ఉంది, మీరు నెలకి ఎంత దాచుకుంటున్నారన్న మాట మాత్రం ఎక్కడా లేదు. నాకు అనుమానం అక్కడే. గ్రాంటు కోసం పుట్టిన సంఘం గ్రాంటు రాకపోతే చెదిరిపోతుంది, వస్తే పంచుకున్నాక చెదిరిపోతుంది. డబ్బిచ్చే సంస్థలు ఇలాంటివి చాలా చూసి ఉంటాయి కాబట్టి, డబ్బు అడగకముందు మీరు కలిసి ఏం చేశారన్నదే ముందు వెతుకుతాయి.

1991లో నైజర్ దేశంలో కేర్ అనే సంస్థ పల్లెటూరి ఆడవాళ్ళతో ఒక పద్ధతి మొదలుపెట్టింది. బయటినుంచి పెట్టుబడి ఏమీ ఇవ్వలేదు. సుమారు పదిహేను నుంచి పాతిక మంది ఒక గుంపుగా చేరి, ప్రతి మీటింగులో తలా కొంత ఒక పెట్టెలో వేసి, అందులోంచే ఒకరికొకరు అప్పిచ్చుకుని, ఏడాది తిరిగాక వడ్డీతో సహా పంచుకోవడం, మళ్ళీ మొదలుపెట్టడం, ఇంతే. పెట్టెకి మూడు తాళాలు, తాళంచెవులు ముగ్గురి దగ్గర, పెట్టె ఇంకొకరి ఇంట్లో. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకి పాకింది. అహ్మదాబాద్‌లో సేవా బ్యాంకు కూడా అంతే, 1974లో నాలుగు వేల మంది కష్టజీవులైన ఆడవాళ్ళు తలా పది రూపాయల వాటా వేసుకుని పెట్టుకున్నారు. ఎవరో ఇస్తారని ఎదురుచూసి పెట్టింది కాదు.

కాబట్టి ఇప్పుడు రానివాళ్ళని బతిమాలకండి. ఉన్న ఏడుగురితోనే మొదలుపెట్టండి. ఎంత చిన్న మొత్తమైనా పర్లేదు, అందరిలోకీ ఇబ్బందిగా ఉన్నావిడ కూడా మానకుండా వేయగలిగేంత పెట్టుకోండి. ఎవరు వచ్చారు, ఎంత వేశారు, ఎవరికి ఎందుకు అప్పిచ్చారు, ఎంత తిరిగొచ్చింది, ఆ రోజే అందరి ముందూ పుస్తకంలో ఎక్కించండి. చదువు రానివాళ్ళకి పైకి చదివి వినిపించండి. ఇది మర్యాద కోసం చెప్పడం లేదు, రేపు లెక్క తేడా వచ్చినప్పుడు సంఘాన్ని నిలబెట్టేది ఆ విన్నవాళ్ళ జ్ఞాపకమే. ఆరు నెలల పుస్తకం చేతిలో పెట్టుకుని అప్పుడు దరఖాస్తు రాయండి, అందులో "మహిళా సాధికారత కోసం" లాంటి పెద్ద మాటలు తగ్గించి, ఎన్ని మిషన్లు, ఎవరు కుడతారు, కుట్టినవి ఎవరు కొంటామన్నారు, మిషన్ పాడైతే బాగుచేయించే డబ్బు ఎక్కడిది, మీ వంతుగా ఎంత వేస్తున్నారు, ఇవి రాయండి. ఆ ఏడుగురు కదిలితే వెళ్ళిపోయినవాళ్ళలో కొందరు వాళ్ళంతట వాళ్ళే వస్తారు, వచ్చినప్పుడు పాత మాటలు తవ్వకండి.

ప్రశ్న: మా యువజన సంఘానికి ఒక సంస్థ తాగునీరు శుద్ధి చేసే యంత్రం ఉచితంగా ఇచ్చింది. ఏడాది బాగా నడిచింది. తర్వాత ఏదో భాగం పాడైంది, అప్పట్నుంచి గదికి తాళం. మళ్ళీ గ్రాంటు అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు, కానీ యంత్రం కోసం కాదు. యంత్రం మీ దగ్గర ఉంది, లేనిది దాన్ని నడిపే డబ్బు. గ్రాంటుతో వచ్చిన వస్తువులు మూలపడటానికి చాలాచోట్ల ఇదే కారణం, కొనడానికి డబ్బిచ్చేవాళ్ళు దొరుకుతారు, కరెంటు బిల్లుకీ ఫిల్టరు మార్చడానికీ చూసుకునే మనిషి జీతానికీ ఇచ్చేవాళ్ళు అరుదు.

నీళ్ళు తీసుకెళ్ళే ఇళ్ళ నుంచి చిన్న రుసుము పెట్టండి. నెలకి ఎంత ఖర్చవుతుందో ముందు కాగితం మీద వేసి, దానికి పైన రిపేరు నిధి అని ఇంకొంత కలిపి, ఆ మొత్తాన్ని ఇళ్ళ లెక్కన పంచితే రుసుము ఎంతో తేలుతుంది. నిజంగా ఇవ్వలేని ఇళ్ళు ఉంటే వాళ్ళకి వదిలేయండి, ఆ నిర్ణయం మాత్రం సంఘం మొత్తం కూర్చుని తీర్మానంగా రాసుకోవాలి, ఒక్కరి ఇష్టానికి వదలకూడదు. రిపేరు నిధి వేరే ఖాతాలో ఉండాలి. పండగకో పెళ్ళికో చేబదులుగా కూడా దాన్ని ముట్టుకోవద్దు. ఇదంతా పెట్టుకున్నాక పాడైన భాగం కోసం ఆ సంస్థనే ఒకసారి అడగండి, ఖర్చులో సగం మేం వేసుకున్నాం అని చెప్పి అడిగితే వినే తీరు వేరుగా ఉంటుంది.

ప్రశ్న: అక్కా, బ్యూటీ పార్లర్ పెడదామని నా పేరు మీద అప్పు తీసుకున్నాను. డబ్బు చేతికొచ్చిన వారంలోపే మా ఆయన వ్యాపారంలోకి వెళ్ళిపోయింది. ఆయన చెడ్డవాడు కాదు, ఆయన పని నడిస్తేనే ఇల్లు నడుస్తుంది. కానీ వాయిదా రోజున మీటింగులో నిలబడి సమాధానం చెప్పేది నేను. ఇంకో అప్పు తీసుకుని నా పని మొదలుపెట్టనా?

జవాబు: ఇంకో అప్పు ఇప్పుడే వద్దమ్మా. మొదటిదాని సంగతి తేలకుండా రెండోది తెస్తే అదీ అదే దారిన పోతుంది, అప్పుడు రెండు వాయిదాలకి మీరొక్కరే నిలబడాలి.

మీ ఉత్తరం చివర "నాకే చేతకాలేదేమో" అని రాశారు, ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది, అందుకే దీనికి కొంచెం ఎక్కువ రాస్తున్నాను. శ్రీలంకలో పరిశోధకులు చిన్న చిన్న వ్యాపారాలు చేసుకునేవాళ్ళకి కొంత పెట్టుబడి ఉచితంగా ఇచ్చి చూశారు. మగవాళ్ళ లాభాలు పెరిగాయి, ఆడవాళ్ళవి పెరగలేదు. దాన్ని చూసి ఆడవాళ్ళకి పెట్టుబడి ఇచ్చినా వ్యాపారం పెరగదని అనుకోవడం తేలికే. కానీ 2019లో వచ్చిన ఇంకో పరిశోధన శ్రీలంక, ఘనా, భారతదేశం లెక్కల్ని ఇల్లు మొత్తంగా తీసుకుని మళ్ళీ చూసింది. తేలిందేమిటంటే, భర్తకి ఇంకో వ్యాపారం ఉన్న ఇళ్ళలో ఆమెకి వచ్చిన డబ్బు ఆ వ్యాపారంలోకి వెళ్తోంది. ఇంట్లో ఆమెది ఒక్కటే వ్యాపారమైన చోట ఆమె కూడా మగవాళ్ళతో సమానంగా లాభం తెస్తోంది. అంటే మీ పార్లర్ మొదలవకపోవడానికి మీ చేతకానితనం కారణం కాదు. డబ్బు మీ చేతిలో ఆగలేదు, అంతే.

ఇప్పుడు ఏం చేయాలంటే, ముందు మీవారితో కూర్చుని ఆ మొత్తాన్ని ఒక నోటుబుక్కులో "నా దగ్గర తీసుకున్నది" అని రాయించండి. కోపంగా కాదు, మామూలుగా, ఇంటి లెక్కలు రాసుకున్నట్టే. వాయిదాకి రెండు రోజుల ముందు ఆ డబ్బు మీ చేతికి రావాలి, ఆయన వ్యాపారానికి అది సరుకు బాకీ లాంటిదే. సరుకిచ్చినవాడికి తప్పకుండా కట్టే మనిషి ఇంట్లో భార్యకి ఎందుకు కట్టకూడదు? చాలామంది మగవాళ్ళు ఇది అన్యాయమని అనుకోరు, వాళ్ళకి ఎవరూ అలా చూపించలేదు కాబట్టి.

ఆ అప్పు తీరేలోపు మీ పనిని చిన్నగా మొదలుపెట్టండి, ఇళ్ళకి వెళ్ళి చేసే పనైనా సరే. తర్వాతి అప్పు నగదుగా తీసుకోకండి. ఉగాండాలో ఆడవాళ్ళకి అప్పును చేతికిచ్చే బదులు ఫోన్‌లోనే డబ్బు దాచుకునే వాళ్ళ సొంత ఖాతాలోకి వేసి చూస్తే, చేతికి నగదు తీసుకున్నవాళ్ళకంటే వాళ్ళ వ్యాపార లాభాలు ఎక్కువగా వచ్చాయి. డబ్బు కంటికి కనిపించకపోతే అడిగేవాళ్ళు తగ్గుతారు, మనకీ "లేదు" అని చెప్పే ఇబ్బంది ఉండదు. మీ ఒక్కరి పేరు మీద ఉన్న ఖాతాలోకి వేయించుకుని, కుర్చీ, అద్దం, సామాను అమ్మేవాళ్ళకి అక్కడినుంచే నేరుగా కట్టేయండి. పిన్ నంబరు ఎవరికీ వద్దు.

ఇంకొకటి కూడా అడగండి, మొదటి వాయిదా ఎప్పటినుంచి అని. అప్పు తీసుకున్న రెండో వారం నుంచే కట్టమంటే ఎవరైనా ఆ డబ్బులో కొంత వాయిదాల కోసమే పక్కన పెట్టుకుంటారు, పెట్టుబడికి మిగిలేది తగ్గిపోతుంది. కోల్‌కతాలో కొందరికి రెండు నెలలు వ్యవధి ఇచ్చి చూస్తే వాళ్ళు వ్యాపారంలో ఎక్కువ పెట్టారు, మూడేళ్ళ తర్వాత కూడా లాభాలు మెరుగ్గా ఉన్నాయి. అయితే వాళ్ళలో కట్టలేకపోయినవాళ్ళూ ఎక్కువే, ఆ సంగతి దాచడం తప్పు. అందుకని వ్యవధి దొరికితే ఆ రెండు నెలలూ వచ్చిన దాంట్లో కొంత పక్కకి తీస్తూ ఉండండి.

ప్రశ్న: 12 శాతం వడ్డీ అని ఒకచోట, 18 శాతం అని ఇంకోచోట చెబుతున్నారు. 12 తీసుకుంటే మంచిదే కదా?

జవాబు: ఆ 12 ఫ్లాట్ వడ్డీనా, తగ్గే బాకీ మీద వడ్డీనా అని అడిగారా? లక్ష తీసుకుని పన్నెండు నెలల్లో కడతారనుకుందాం. ఫ్లాట్ అయితే వడ్డీ 12,000. అసలు నెలనెలా తగ్గుతున్నా మీరు చివరి నెలలో కూడా మొత్తం లక్ష మీదే వడ్డీ కడుతుంటారు. అదే 12 శాతం తగ్గే బాకీ మీద, అంటే ఇంకా కట్టాల్సిన అసలు మీద మాత్రమే అయితే, వడ్డీ సుమారు 6,600. ఫ్లాట్ 12 అంటే తగ్గే బాకీ లెక్కలో 21 శాతం దాటుతుంది, కాబట్టి రెండోవాళ్ళ 18 తగ్గే బాకీ మీద అయితే అదే చవక. శాతాలతో తలనొప్పి అనిపిస్తే ఒక్క ప్రశ్న చాలు: "చేతికి ఎంత వస్తుంది, మొత్తం కలిపి ఎంత కట్టాలి?" ప్రాసెసింగ్ ఫీజు, బీమా అని ముందే కోసుకునేవి కూడా అందులో కలిపి కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వనివాళ్ళ దగ్గర తీసుకోకండి.

ప్రశ్న: మా పదిమంది గ్రూపులో ఒకామె ఆసుపత్రి పాలై మూడు వాయిదాలు కట్టలేదు. ఆమెది మిగతా తొమ్మిదిమందీ కట్టాలని అప్పిచ్చినవాళ్ళు మమ్మల్ని చీకటి పడేదాకా కూర్చోబెట్టారు. వెళ్ళి ఆమె ఇంటి ముందు కూర్చోమంటున్నారు. అందరికీ చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆమె ఇంటి ముందు కూర్చోకండి, ఏ కారణం చెప్పినా సరే. 2010లో ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణాల వసూళ్ళ ఒత్తిడి తట్టుకోలేక ఆత్మహత్యలన్న వార్తలు వరసగా వచ్చాయి, అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా వెళ్ళింది. అలా గడపల ముందు కూర్చోబెట్టబడ్డది చాలాచోట్ల తోటి సభ్యులే. అది గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు పాడవుతుంది.

మీరు సంతకం పెట్టిన కాగితం కాపీ తెప్పించుకుని చదివించుకోండి. ఒకరిది మిగతావాళ్ళు కట్టాలన్న షరతు అందులో నిజంగా ఉందో, మాటగా చెబుతున్నారో తెలియాలి. ఈ పద్ధతికి పేరు తెచ్చిన బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకే తర్వాతి కాలంలో దాన్ని వదిలేసింది. ఫిలిప్పీన్స్‌లో ఒక బ్యాంకు కొన్ని గుంపులకి ఉమ్మడి బాధ్యత తీసేసి చూస్తే వసూళ్ళు తగ్గలేదు. కాబట్టి అది లేకపోతే అప్పులే రావన్న మాట నమ్మి భయపడకండి.

షరతు ఉన్నా లేకపోయినా ఆసుపత్రి కాగితాలు జతచేసి, వాయిదాలు వెనక్కి జరపమని పదిమందీ సంతకాలు పెట్టి ఉత్తరం ఇవ్వండి. వసూలుకి వచ్చే కుర్రాడికి కాదు, పై ఆఫీసుకి, అందినట్టు ముద్ర వేయించుకుని. ఆ కుర్రాడి మీద అరవకండి, అతనికీ టార్గెట్ ఉంటుంది. జవాబు రాకపోతే ఆ సంస్థ మీద ఫిర్యాదు తీసుకునే అధికారి ఎవరో కనుక్కుని అదే ఉత్తరం కాపీ అక్కడికి పంపండి.

ఆ పని జరుగుతుండగానే మీ పొదుపు పక్కన ఆపద నిధి అని వేరుగా ఒకటి మొదలుపెట్టండి, నేను పైన చెప్పిన పెట్టె గుంపుల్లో అది మామూలే, పొదుపు డబ్బుతో కలపరు. ఆసుపత్రో, చావో, నిప్పంటుకోవడమో జరిగితే అందులోంచి ఇస్తారు. మీ మొదటి సాయం ఆమెకే వెళ్ళొచ్చు. ఇంకా మంచం మీదే ఉంటే మీటింగు ఈసారి ఆమె ఇంట్లో పెట్టుకోండి, ముందుగా ఆమెని అడిగి.