ఆర్‌ఎన్‌ఏ మీద పీహెచ్‌డీ చేసి మందుల రీసెర్చ్‌కి వెళ్లొచ్చా?

ఎమ్మెస్సీ అయిపోవస్తోంది, ఆర్‌ఎన్‌ఏ బయాలజీలో పీహెచ్‌డీ చేస్తే తర్వాత మందుల వైపు వెళ్లొచ్చా, లేక ఇదంతా కోవిడ్ వ్యాక్సిన్ల టైమ్‌లో వచ్చిన ఊపేనా అని అడిగారు కదా. నేను ఆ దారిలోనే వచ్చాను కాబట్టి చెప్తున్నా, వెళ్లొచ్చు, కాకపోతే చాలా ఓపిక కావాలి.

పీహెచ్‌డీ మొదట్లో నాకు ఆరు నెలలు ఒక్క మంచి శాంపిల్ రాలేదు. ఆర్‌ఎన్‌ఏ చెడిపోకుండా ఉంటే, దాన్ని సైజు ప్రకారం విడదీసే జెల్ మీద 28ఎస్, 18ఎస్ అని రెండు గీతలు స్పష్టంగా కనపడాలి, నాకేమో కింద మసక మరక ఒక్కటే, అంటే ముక్కలైపోయిందని. కిట్ మార్చా, నీళ్లు మార్చా, చివరికి తేలిందేంటంటే గ్లోవ్స్ వేసుకున్న చేత్తోనే ఫ్రీజర్ తలుపు తీసి మళ్లీ అదే చేత్తో ట్యూబ్ మూత తెరుస్తున్నా. ఆర్‌ఎన్‌ఏని కోసేసే ఎంజైములు మన చర్మం మీదా ఉంటాయి, వాటిలో కొన్ని ఎంత మొండివంటే మరగబెట్టినా చల్లారాక మళ్లీ లేచి కూర్చుంటాయి.

మందుల వైపు వచ్చాక చూస్తే అక్కడా అదే గొడవ. ఒంట్లోకి ఎక్కించిన మామూలు ఆర్‌ఎన్‌ఏని రక్తంలోని ఇలాంటి ఎంజైములే ముక్కలు చేసేస్తాయి. ఆర్‌ఎన్‌ఏతోనే ఒక జీన్ పనిని ఆపేసే ఆర్‌ఎన్‌ఏ ఇంటర్‌ఫియరెన్స్ మీద ఫైర్, మెల్లో అనే శాస్త్రవేత్తల పేపర్ 1998లో వచ్చింది, 2006లో నోబెల్ కూడా వచ్చేసింది, కానీ దాని మీద తయారైన మొదటి మందు పాటిసిరాన్‌కి అమెరికాలో అనుమతి దొరికింది 2018లో! ఈ మధ్యలో చాలా కంపెనీలు చేతులెత్తేశాయి. నిలబడ్డవాళ్లని నిలబెట్టింది మాత్రం కెమిస్ట్రీనే, ఆర్‌ఎన్‌ఏలోని చక్కెర భాగంలో ఉన్న హైడ్రాక్సిల్‌ని (ఓహెచ్ గ్రూప్‌ని) మార్చడం, లివర్ కణాలు పట్టి లోపలికి లాక్కునేలా గాల్‌నాక్ అనే చక్కెర అతికించడం, ఇలాంటివి. కరికో, వైస్‌మన్ అనే శాస్త్రవేత్తలు 2005లో చూపించింది కూడా అలాంటి మార్పే, ఆర్‌ఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన యూరిడిన్ బదులు దాని మారు రూపం సూడోయూరిడిన్ పెడితే రోగనిరోధక వ్యవస్థ ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రొటీన్ తయారీకి సూచనలు మోసే ఆర్‌ఎన్‌ఏ) మీద అంతగా విరుచుకుపడదని.

అందుకని బయాలజీ ఒక్కటే చదివి ఆగిపోకండి, న్యూక్లియిక్ యాసిడ్ కెమిస్ట్రీ తెలిసినవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోండి, సీక్వెన్సింగ్ డేటా మీరే విశ్లేషించుకోగలగాలి. మందుని లివర్‌కి చేర్చడం వచ్చింది గానీ కండరాలకి, ఊపిరితిత్తులకి, మెదడుకి చేర్చడం ఇంకా కష్టంగానే ఉంది, కండరాలు క్షీణించే ఎస్‌ఎంఏ అనే నరాల జబ్బుకి 2016లో వచ్చిన, ఆర్‌ఎన్‌ఏ మీద పనిచేసే మందు నుసినెర్సెన్‌ని ఇప్పటికీ వెన్నులోకే ఇంజెక్షన్ చేస్తారు. నా ఉద్దేశంలో రాబోయే ఏళ్లలో పనంతా ఆ చేర్చడం దగ్గరే.

ల్యాబ్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక్కటి గమనించండి, ఆర్‌ఎన్‌ఏ పనికి విడిగా బెంచ్, విడిగా పిపెట్లు పెట్టారా లేదా అని. పెట్టకపోతే వేరే ల్యాబ్ చూసుకోండి.